తడిసిన పుస్తకాల పది రోజులు

మొన్న మా కడప కాలేజీ లైబ్రరీలో సర్వర్ మొరాయించింది. నా దగ్గర లైబ్రరీ సైన్స్ చదువుతున్న అమ్మాయి ఒకతె నా బల్ల దగ్గరికొచ్చి, "ఇప్పుడు ఏ పుస్తకం యాడుండాదో ఎట్ల తెలుస్తాది మేడం?" అని బిక్కమొహం వేసింది. నాకు నవ్వొచ్చింది. అంతలోనే కర్నూలులో నాకీ విద్య నేర్పిన మేడం గుర్తొచ్చి, ఆ నవ్వు ఆగిపోయింది.

ఆమె ఆలూరు దగ్గరి పల్లెలో కూలీల బిడ్డ. పొట్టి మనిషి, పై అర అందాలంటే స్టూలెక్కాల్సిందే. పొద్దున మాకు పాఠాలు చెప్పేది, మధ్యాహ్నం నుంచి లైబ్రరీ చూసుకునేది. అరల మధ్య నడుస్తూ పుస్తకాల వీపుల మీద వేలు రాసుకుంటూ పోయేది. వేంపల్లె నుంచి కొత్తగా వెళ్లిన నేను ఆ నడకను అనుకరించి అందరినీ నవ్వించేదాన్ని.

ఆ ఏడు నది ఊళ్లోకి వచ్చింది. వరద తీశాక వెళ్లి చూస్తే లైబ్రరీ నిండా బురద. కింది అరల్లో పుస్తకాలు ఉబ్బి ఇటుకల్లా బిగుసుకుపోయాయి. అన్ని పుస్తకాల పేర్లూ రాసి ఉంచిన పెద్ద రిజిస్టర్ పిండిముద్దయింది. ప్రిన్సిపాల్ గారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "ఇవింక పనికిరావు మేడం, లారీ పిలిపిస్తా" అన్నారు.

"పది దినాలు ఇయ్యండి సార్. అప్పటికీ కాకుంటే నేనే లారీకెత్తుతా" అందామె.

మరునాటి నుంచి మాకు క్లాసుల్లేవు. పుటల మధ్య పాత పేపర్లు పెట్టడం, అవి తడిస్తే మార్చడం, మేడమీది గదుల్లో ఫ్యాన్ల కింద ఆరబెట్టడం. "ఎండలో వద్దమ్మా, పెళుసైపోతాయి, గాలి చాలు" అనేది. తినే అన్నం కూడా బురద వాసన కొట్టేది.

ఐదో రోజు కొత్త రిజిస్టర్ నా చేతికిచ్చి, "రాసుకోమ్మా" అంటూ ఖాళీ అరల ముందు నిలబడింది. వట్టి చెక్క మీద వేలు రాస్తూ ఎడమ నుంచి కుడికి ఒక్కో పుస్తకం పేరు, రాసినవారి పేరు, అట్ట రంగు చెప్పుకుంటూ పోయింది. ఒకచోట వేలు ఆగింది. "ఈడిది ఒక లెక్చరర్ సారు తీసుకపోయి ఇంకా ఇయ్యల్యా." నేను రాయడం ఆపి తలెత్తాను.

"ఇన్ని పేర్లు ఎట్ల గుర్తుండాయి మేడం?"

"మా ఇంట్లో ఒక్క పుస్తకమూ లేకుండె. ఈడికొచ్చినాక అన్నీ చదవలేకపోతి. పేర్లన్నా చదువుకుందామని దినామూ చదువుకుంటి."

పదో రోజు ప్రిన్సిపాల్ గారు వచ్చి, ఆరిన పుస్తకమొకటి తీసి తిరగేశారు. దాన్ని జాగ్రత్తగా మూసి, "లారీ వద్దులే మేడం" అన్నారు. ఎంతకీ విడిపోని పుస్తకాలను మాత్రం ఆమె తనే మోసుకెళ్లి, ఒక్కోదాని పేరు పైకి చదివి పక్కన పెట్టింది.

తడిసిన పుస్తకాలను కాపాడే పాఠానికి సిలబస్‌లో ఒక గంట ఇచ్చారు. ఏటా ఆ గంటలోనే చెప్పి ముగిస్తాను. నాకు మాత్రం ఆ పది రోజులు ఇంకా పూర్తి కాలేదు.