మామ తూటాలు, నా లెక్క

మా మామ రైఫిల్ పోటీలకు పోతడు. లైసెన్సు మీద తూటాలు సొంతంగ నింపుకుంటడు. ఇయ్యాల నల్గొండల మా ఇంటికొచ్చి, ఐదు కాల్చి చూసిన వేగాలకు స్టాండర్డ్ డీవియేషన్ తీసి ఫోన్ల చూపిచ్చిండు.

"జర చూడు అల్లుడా, అంకె ఎంత చిన్నగొచ్చిందో! అన్నీ ఒక్క తీరు పోతున్నయ్."

కాలేజీల స్టాటిస్టిక్స్ చెప్పే నోరు ఊకుంటదా? "నువ్వు ఐదుతోని భాగించినవ్, గది ఉన్నయన్నీ కాల్చినంక ఏసే లెక్క మామా. నువ్వు చూసింది ఐదే గదా, ఒకటి తగ్గిచ్చి నాలుగుతోని భాగించాలె" అని నేనే ఏసి చూపిచ్చిన. అంకె పెరిగింది.

"ఉన్నయన్నీ కాలిస్తే పోటీల ఏం కాల్చాలె?" అనుకుంట చాయ్ గూడ తాగకుండ మెల్లగ లేసి పోయిండు.

చాయ్ తాగినంక చెప్తే నా సొమ్మేం పోతుండె? మీరైతే ఆగేటోళ్లేనా? లెక్క సరైంది గని, తూటాలు గవ్వే. మారింది మామ మొఖమొక్కటే.