ఒడిబియ్యంతో కోర్టుకు

మా దిక్కున ఆడపిల్ల బతుకమ్మ పండుగకు తల్లిగారింటికి వస్తే, మళ్లీ భర్తే వచ్చి తీసుకుపోవాలి. దాన్ని తోలుకపోవడం అంటాం. పిలవకుండా తనంతట తాను పోతే నలుగురూ నవ్వుతారు. తొంభైల మొదట్లో నా మొగుడు నన్ను నిజామాబాద్‌లో మా అవ్వ, అంటే మా అమ్మ, ఇంట్లో దింపి, తన ఊరు బోధన్ పోయి, తోలుకపోవడం మరిచిపోయాడు. ఆ తర్వాత రెండు బతుకమ్మలు వచ్చి పోయాయి. పెద్దమనుషులు పోయి అడిగితే "సూస్తం" అన్నాడట. ఏం చూస్తాడో చెప్పలేదు. కొట్టింది లేదు, తిట్టింది లేదు, మరొకతె ఉందన్న మాటా లేదు. ఉంచుకుంటాడా, విడిచిపెడతాడా? అదొక్కటి తెలిస్తే చాలనుకుంటూ అవ్వతో పాటు బీడీలు చుట్టేదాన్ని.

చివరికి నాకే విసుగొచ్చి, విడాకులు నేనే అడుగుదామని ఒక వకీలును కలిసి వచ్చాను. నా కాగితాలు తయారు కాకముందే కోర్టు అమీను నోటీసు పట్టుకుని మా గుమ్మంలో నిలబడి నా పేరు అడిగాడు. నా మొగుడే కేసు వేశాడు. పదో తరగతి చదివినదాన్ని కదా అని నేనే చదివాను. 'దాంపత్య హక్కుల పునరుద్ధరణ' అని ఉంది. నోరు తిరిగింది గానీ అర్థం కాలేదు. కిందికి పోతే మాత్రం తెలిసిన తెలుగే, భార్య కాపురానికి రావలెనని ఆజ్ఞాపించమని.

"కాపురానికి రమ్మంటుండే అవ్వా," అన్నాను.

అవ్వ ఒళ్లోని చాట పక్కన పెట్టి ఏడ్చింది, సంతోషంతోనే. నాకు ఒళ్లు మండింది. బోధన్ ఏమన్నా కాశీలో ఉందా, రమ్మని చెప్పడానికి జడ్జి కావాలా? కోపం అడుగున కొంచెం సంతోషం కూడా ఉంది, అబద్ధమెందుకు.

వకీలు కాగితం చూసి నవ్వాడు. "గిది రమ్మనే కేసు కాదమ్మా. ఇడిచిపెట్టే కేసు."

"రమ్మని రాసుంది కద సార్."

"రాస్తరు. కోర్టు నిన్ను పొమ్మంటది. నువ్వు పోవని ఆయన ధీమా. ఏడాదైనా పోకుంటే, నా పెండ్లాం రాలే, విడాకులియ్యున్రి అని అడుగుతడు."

"మరి పోతే?"

వకీలు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పోతే ఆయన కేసే ఖరాబైతది. పోతవా?"

నేను విడాకులు కావాలని వచ్చినదాన్ని. ఆయన విడాకుల కోసమే రమ్మంటున్నాడు. ఇద్దరికీ కావలసింది ఒకటే అయితే మధ్యలో ఈ రమ్మనడం దేనికి? అసలు నాకు కావలసింది అదేనా? తల గోడకేసి కొట్టుకుందామనిపించింది.

అవ్వ ఇదంతా నమ్మలేదు. "వకీల్లు గట్లనే తిరకాసు మాట్లాడ్తరు బిడ్డా. నోటితోని చెప్పనీకె సిగ్గయి కోర్టుతోని చెప్పిస్తుండు," అంది. బోధన్ కోర్టులో పేషీ రోజు పొద్దున్నే నన్ను పీట మీద కూర్చోబెట్టి ఒడిబియ్యం పోసింది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు. కూతురు వాటిని అత్తగారింటికి పట్టుకుపోయి, అక్కడే వండి నలుగురికీ పెట్టాలి. పీట మీద కూర్చున్నప్పుడు వకీలు చెప్పిందే నిజమనిపించింది. బియ్యం మూట కట్టుకున్నాక అవ్వ చెప్పిందే నిజమనిపించింది.

నేనూ అవ్వా ఎక్కిన బస్సు ఎడపల్లి దాటాక చెరుకు ట్రాక్టర్ల వెనక నత్తనడక నడిచింది. బోధన్ దగ్గరపడేసరికి చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన మొదలైంది. కొత్తకాపురంలో ఆ వాసన తగిలితే ఇల్లొచ్చిందనుకునేదాన్ని. ఆ రోజు కూడా అలాగే అనుకున్నాను.

జడ్జిగారు వయసు మళ్లినవారు. "ఏమమ్మా, మీ ఆయన రమ్మంటుండు. ఎందుకు పోతలేవు?"

"తోలుకపోను రాలే సార్. ఇప్పుడు రమ్మంటుండని వచ్చిన. ఒడిబియ్యం గూడ తెచ్చిన."

వెనక బెంచీల్లో నవ్వులు లేచాయి. జడ్జిగారు నవ్వలేదు. "బాగనే ఉంది కదయ్యా, తీసుకపో," అన్నారు నా మొగుడితో. ఆయన తన వకీలు వైపు చూశాడు. ఆ వకీలు కాగితాల్లోకి చూసి, వాయిదా కావాలన్నాడు.

"రమ్మన్నది ఆయనే, ఆమె రానే వచ్చింది. ఇంక వాయిదా దేనికి? నువ్వు చెప్పవయ్యా," అన్నారు జడ్జిగారు నా మొగుడి వైపు తిరిగి.

ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. "వద్దు సార్," అన్నాడు.

అవ్వ నా చేతిలోని బియ్యం మూట తీసుకుంది. నాకు ఏడుపు ఆగలేదు. అయినా గుండెల మీది బండ దిగినట్టు కూడా అయింది. ఇన్నాళ్లకు ఆ మనిషి నోట్లోంచి ఒక మాట, దాని అర్థంతో సహా వచ్చింది.

తర్వాత ఇద్దరం కలిసి విడాకుల దరఖాస్తు పెట్టి, చట్టం చెప్పినట్టు ఆరు నెలలు ఆగాం. కలిసి ఉండలేమని చెప్పడానికి కలిసి సంతకం పెట్టడమేమిటో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు. ఒడిబియ్యం తల్లిగారింట్లో వండగూడదని అవ్వ వాటిని దేవుడి మూల దాచింది. పురుగు పట్టే దాకా చూడటమెందుకని నేనే వండి వాడకట్టులో అందరికీ పెట్టాను.

తీర్పు చెప్పిన రోజు అవ్వ రాలేదు. కోర్టు గేటు బయట ఎండ మండిపోతోంది. ఆయన స్కూటర్ తెచ్చి నా ముందు ఆపాడు. తల వంచుకునే అడిగాడు.

"ఎండ మస్తున్నది. బస్టాండ్ దాకా తోలుకపోవాల్నా?"

ఆ ఒక్క మాట కోసమే రెండు బతుకమ్మలు గుమ్మంలో కూర్చున్నాను. ఇప్పుడు రమ్మంటున్నాడో, పొమ్మంటున్నాడో తెలియలేదు. మా వకీలు ఎక్కడన్నా కనిపిస్తాడేమో అడుగుదామని వెనక్కి తిరిగి చూశాను.