ఓవెన్‌కి పది మార్కులు

మా ఇంట్లో, పైన స్టవ్వూ కింద ఓవెనూ కలిసుండే కుకింగ్ రేంజ్ కొనాలన్న నిర్ణయం నాకు చెప్పకుండానే అక్టోబరులో జరిగిపోయింది. బెంగుళూరు బెళ్ళందూరులో మేం అద్దెకుండే ఫ్లాటులో, వంటింటి పై అరలో ఒక రోజు పెద్ద గాజు సీసా కనిపించింది. అందులో ఎండుద్రాక్ష, ఖర్జూరం ముక్కలు, టూటీఫ్రూటీ ఏదో నల్లటి ద్రవంలో మునిగి ఉన్నాయి. మూత మీద తారీఖు, టైము రాసిన ప్లాస్టరు ముక్క. మా ఆవిడ నర్సు. సెలైన్ సీసాకి ఎలా అంటిస్తుందో దీనికీ అలాగే అంటించింది.

"ఏంటిది?"

"క్రిస్మస్ కేకుకి. రెండు నెలలు నానాలి."

"ఆ నల్లది?"

"మనింట్లో అయితే రమ్ము. చర్చిలో ఎవరైనా అడిగితే ద్రాక్షరసం."

సీసా పై అర ఎక్కిందంటే డిసెంబరులో కేకు కాలాలి. కేకు కాలాలంటే ఓవెన్ ఉండాలి. మా దగ్గర ఉన్నది రెండు బర్నర్ల స్టవ్ ఒకటి. అందులో ఒక బర్నరు అగ్గిపుల్లతో బతిమాలితే గాని వెలగదు.

ఓవెన్ లేకుండా ఇన్నాళ్ళూ కేకు ఎలా చేసిందో చెప్పాలి. గుంటూరు పక్క వాళ్ళ ఊళ్ళో ఎవరింట్లోనూ ఓవెన్ ఉండేది కాదట. పిండి ఇంట్లో కలుపుకుని, రేకు డబ్బాల్లో పోసి, బేకరీకి మోసుకెళ్ళి, అక్కడి బట్టీలో కాల్పించుకుని తెచ్చుకునేవాళ్ళు. ఎవరి డబ్బా ఎవరిదో తెలియడానికి అడుగున మేకుతో ఒక గుర్తు గీసేవాళ్ళు. మా అత్తగారింటి డబ్బాల అడుగున శిలువ గుర్తు ఉంటుంది. క్రిస్మస్ వారంలో బేకరీకి వచ్చే డబ్బాల్లో సగానికి అదే గుర్తు ఉండే అవకాశం ఉందన్న సంగతి, రెండు తరాలుగా, ఆ ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

బెంగుళూరు వచ్చాక కూడా మా ఆవిడది అదే పద్ధతి, అవే డబ్బాలు. పోయినేడాది జరగాల్సింది జరిగింది. చర్చి దగ్గరి బేకరీ నుంచి తెచ్చిన డబ్బాలో కేకు వేరే ఎవరిదో. తను కేకులో జీడిపప్పు వెయ్యదు, దీన్నిండా జీడిపప్పే. ఆ సంగతి గమనించేసరికి చర్చిలో ముక్కలు పంచడం అయిపోయింది. ఒక పెద్దావిడ రెండో ముక్క తీసుకుంటూ, "నీ చేతి కేకు ఏటా తింటున్నాను గానమ్మా, ఇంత బాగా ఎప్పుడూ కుదర్లేదు" అంది. మా ఆవిడ "థాంక్సాంటీ" అని నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. ఇంజెక్షను గుచ్చే ముందు పేషెంటుని చూసి నవ్వే నవ్వు.

ఈ ఏడాది ఆ బేకరీవాళ్ళు బయటి డబ్బాలు ఇక తీసుకోబోమన్నారు.

"ఈసారి నా వంటింట్లో, నా ఓవెన్‌లో, నా కళ్ళ ముందు కాలాలి," అంది మా ఆవిడ. "మెచ్చుకోకపోయినా పర్లేదు. తిడితే నా కేకునే తిట్టాలి. ఇంకోళ్ళ కేకుకి నేను థాంక్స్ చెప్పను."

నేను సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం చేస్తాను. అంటే, ఎవరో కష్టపడి చేసినదాంట్లో తప్పులు పట్టడానికి జీతం తీసుకుంటాను. కాబట్టి కుకింగ్ రేంజ్ ఎంపిక నా చేతికి వచ్చింది, లేదా నేను లాక్కున్నాను. ఆ రోజే ఒక షీటు తెరిచాను. ఇరవై ఆరు కాలమ్‌లు. వెడల్పు, లోతు, బర్నర్ల సంఖ్య, వాటి మధ్య దూరం, తలుపు తెరిస్తే ఎదురు గోడకి మిగిలే జాగా, గ్యాసు పైపు పొడవు, ఓవెన్ లాగే కరెంటు, మా వంటింటి సాకెట్ ఇవ్వగలిగే కరెంటు. లిఫ్టు తలుపు వెడల్పు కూడా కొలిచాను. కొలుస్తుంటే పక్క ఫ్లాటాయన "ఎవరికైనా బాగాలేదా?" అని మెల్లగా అడిగాడు. స్ట్రెచరు పడుతుందో లేదో చూస్తున్నాననుకున్నాడు.

ఇరవై ఆరు కాలమ్‌లలో అన్నిటికంటే బరువైనది "పైభాగం బలం". వందలో ముప్ఫై మార్కులు దానికే. ఎందుకంటే మా అవ్వ.

అవ్వ అంటే మా నాన్నకు అమ్మ. ఎనభై దాటింది. మా వాళ్ళు ఏనాడో హిందూపురం వైపు నుంచి వచ్చి ఇక్కడి బళేపేటలో స్థిరపడ్డారు. అవ్వ కాపురమంతా అక్కడి గాజుల అంగళ్ళ వెనక సందులోనే గడిచింది. రెండేళ్ళుగా మా దగ్గర ఉంటోంది. ఏ వంట ఎవరు చేసినా ఆమెకు అభ్యంతరం లేదు, మధ్యాహ్నం రాగి సంగటి మాత్రం తానే చెయ్యాలి. నేను ఇంటినుంచి పనిచేసే రోజుల్లో గది తలుపేసుకుని మీటింగులో ఉంటే వంటింట్లోంచి దబదబా చప్పుడు వచ్చేది. మైకు కట్టేసుకునేవాణ్ణి. అరగంట తర్వాత పళ్ళెంలో ముద్ద, పక్కన పులుసు. ముప్ఫై ఏళ్ళుగా నాకూ సంగటికీ ఉన్న పరిచయం అంతే.

తెడ్డుతో అంత బలంగా గెలికితే సన్నటి కమ్మీల స్టాండు వంగుతుంది, గాజు పలక అయితే పగులుతుంది. ఇది నా సిద్ధాంతం. సిద్ధాంతానికి అంకె కావాలి. సూట్‌కేసులు తూచే కొక్కెం కాటా తెచ్చి, దాన్ని తలుపు గొళ్ళేనికి తగిలించి, "అవ్వా, సంగటి గెలికేటంత బలంగా దీన్ని లాగు" అన్నాను. అవ్వ కొంగు బిగించి లాగింది. తొమ్మిది కిలోలు చూపించింది. మూడుసార్లు లాగించి సగటు రాసుకున్నాను.

మా ఆవిడ డ్యూటీనుంచి వచ్చి షీటు చూసింది.

"ఓవెన్‌కి ఎన్ని?"

"పది."

"పదా! ఓవెన్ కోసం కొంటున్నదానికి ఓవెన్‌కి పది మార్కులా?"

"అన్నీ బేరీజు వేసి..."

"ఈ పైభాగం బలం ఏంటి, ముప్ఫై? దాని మీద నువ్వెక్కి డాన్సు చేస్తావా?"

"అది స్ట్రక్చరల్," అన్నాను. ఆఫీసులో ఈ మాట అంటే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. ఇంట్లోనూ వెయ్యలేదు. వేసి ఉంటే ఈ కథ అక్కడే అయిపోయేది.

షీటు లెక్కన గెలిచింది ఒక పోత ఇనుము మోడల్. స్టాండ్లు రైలు పట్టాల్లా ఉంటాయి. ఓవెన్ మాత్రం చిన్నది, కిందొక్కటే మంట, వేడి ఎంతో చెప్పే ముల్లు లేదు. మా ఆవిడకు నచ్చినది దానికి పూర్తిగా ఎదురు. పైన సన్నని స్టాండ్లు, కింద విశాలమైన కరెంటు ఓవెన్, లోపల ఫ్యాను, బల్బు, వెడల్పాటి గాజు తలుపు. దానికి నా షీటులో నాలుగో ర్యాంకు.

డిసెంబరు మొదటి శనివారం ముగ్గురం రింగురోడ్డు మీది షోరూముకి వెళ్ళాం. మా ఆవిడ సంచిలో రెండు కేకు డబ్బాలు. నా చేతిలో టేపు, ల్యాప్‌టాప్. అవ్వ సంగటి కుండ, తెడ్డు కూడా నేనే మోశాను. అసలు సామానుతో పరీక్షించకుండా ఏదీ ఒప్పుకోకూడదన్నది నా వృత్తి ధర్మం.

సేల్స్‌మన్ కోలారు పక్కవాడు. కుండనీ తెడ్డునీ, వెనక అవ్వనీ చూసి అతని మొహం వికసించింది.

"ఏం సార్, అజ్జి ముద్దె కోలు కూడా తెచ్చినారే! వంట ఈడే చేసేస్తారా?"

"టెస్ట్," అన్నాను.

"చేయండి సార్. మొన్న ఒగాయన బెడ్డు కొనేదానికి వచ్చి పక్క షాపులో గంట నిద్రపోయినాడంట. దాని ముందర ఇదేం పెద్దది?"

మా ఆవిడ ముందుగా పోత ఇనుము దాని ఓవెన్ తెరిచి డబ్బాలు పెట్టింది. ఒకటే పట్టింది. రెండోది పట్టుకుని నా వైపు చూసింది. నేను ల్యాప్‌టాప్ వైపు చూశాను. తర్వాత తనకు నచ్చినదాంట్లో పెట్టింది. రెండూ పట్టి, మధ్యలో గాలి ఆడేంత జాగా మిగిలింది.

"ఏమంటావు?"

"ఓవెన్ విషయంలో ఒప్పుకుంటాను. కానీ పైభాగం. చూడు ఈ కమ్మీలు, వేలితో నొక్కితేనే కదులుతున్నాయి. తొమ్మిది కిలోల తోపు ఎక్కడ ఆగుతుంది?"

"దేని తోపు?"

"సంగటిది."

మా ఆవిడ నా మొహంలోకి చూసింది. ఆమె కళ్ళలో మొదట అనుమానం, తర్వాత ఏదో వెలుగు కనిపించాయి. "అయితే టెస్ట్ చెయ్యి," అంది చాలా నెమ్మదిగా. "అవ్వా, మీ మనవడికి సంగటి ఎట్లా గెలుకుతారో చూపించండి."

నేను కుండని సన్నటి స్టాండు మీద పెట్టి, తెడ్డు అవ్వ చేతికిచ్చి, స్టాండు ఎంత వంగుతుందో చూడడానికి టేపు పట్టుకుని పక్కన వంగాను.

అవ్వ స్టవ్‌ని చూసింది. నన్ను చూసింది. కుండని రెండు చేతులా ఎత్తి కిందికి దించింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, షోరూము నున్నటి గచ్చు మీద కూర్చుని, కాళ్ళు చాపి, కుండని రెండు పాదాల మధ్య ఇరికించి, తెడ్డు వేసి గిర్రున తిప్పింది. దబదబా చప్పుడు. అదే చప్పుడు.

"పొయ్యి మీద యాడన్నా గెలుకుతారేంరా సంగటి?" అంది. "అంత ఎత్తున పెట్టుకుని గెలికితే కుండ బోర్లాపడి కాళ్ళు కాలవా? పొయ్యి మీద ఉడకబెట్టేది, కిందికి దించి గెలికేది. పుట్టినకాడినుంచి తింటా ఉండావు, ఒగ దినమన్నా వచ్చి చూసినావా?"

"మరి ఆ రోజు కాటా లాగించినప్పుడు చెప్పలేదేం?"

"నువ్వు అడిగితివా? నాకు సత్తువ ఉండాదా లేదా అని డాక్టరుకు చెప్పేదానికి లాగిస్తాండావు అనుకుంటి. అందుకే కొంచిం గట్టిగానే లాగితి."

అంటే ఆ తొమ్మిది కూడా తప్పే.

మా ఆవిడ ఎదుటి ఫ్రిజ్‌కి ఆనుకుని, కేకు డబ్బాలో మొహం దాచుకుని నవ్వుతోంది. సేల్స్‌మన్ మర్యాద కోసం అటు తిరిగాడు గాని అతని భుజాలు కదులుతున్నాయి. నేను ఆ గచ్చు మీదే అవ్వ పక్కన కూర్చుని, ల్యాప్‌టాప్ తెరిచి, "పైభాగం బలం" కాలమ్ తీసేశాను. నాలుగో ర్యాంకు మోడల్ మొదటి ర్యాంకుకి వచ్చింది.

"లెక్క ప్రకారం నీదే," అన్నాను.

"ఆ లెక్క చూస్తే గాని తెలియలేదా నీకు!"

"ఇదే ప్యాక్ చేయించేదా సార్?" అన్నాడు సేల్స్‌మన్. "అజ్జి కూడా పాస్ చేసేసినారు."

రేంజ్ వచ్చింది. లిఫ్టులో పట్టింది. ఆ మాత్రం ఘనత నాకివ్వండి. ఫ్రిజ్ ఉన్నచోట దాన్ని నిలబెట్టి ఫ్రిజ్‌ని హాల్లోకి పంపించాం.

కేకు రోజు ఆదివారం. సీసాలోవన్నీ పిండిలో కలిశాయి. ఇల్లంతా ఎంత మాత్రమూ ద్రాక్షరసం కాని వాసన. డబ్బాలు లోపలికి వెళ్ళాయి, బల్బు వెలిగింది. అప్పుడు తెలిసింది, ఓవెన్ అద్దం మన మోకాళ్ళ ఎత్తులో ఉంటుందని. నిలబడితే లోపల ఏమీ కనపడదు. మా ఆవిడ రెండుసార్లు వంగి నడుం పట్టుకుంది. వారమంతా పేషెంట్లని లేపి కూర్చోబెట్టిన నడుం అది. నేను గొంతుక్కూర్చుంటే కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఇరవై ఆరు కాలమ్‌లలో అద్దం ఎత్తు అనే కాలమ్ లేదు.

అవ్వ మాత్రం సంగటి కుండ దించుకుని ఓవెన్‌కి ఎదురుగా నేల మీద కూర్చుంది. అద్దం సరిగ్గా ఆమె కళ్ళ ఎత్తులో ఉంది. తెడ్డు తిప్పుతూ, మాకు వార్తలు చెప్పసాగింది.

"అమ్మణ్ణీ, ఎడం పక్కది ఉబ్బుతా ఉండాది."

"కుడిదో, అవ్వా?"

"అది ఇంకా పండుకోనుండాది. ఆ... లేస్తాండాది, లేస్తాండాది. నడిమిట్లో చీలింది."

"చీలితే మంచిదే."

నేను ఓవెన్‌లో పెట్టడానికి కొన్న థర్మామీటరు తీసుకుని తలుపు పిడి మీద చెయ్యి వేశాను. లోపలి వేడికీ బయటి ముల్లు చూపే వేడికీ తేడా తెలుసుకోవాలిగా. సంగటి అంటిన తెడ్డు నా మణికట్టు మీద పడింది.

"తలుపు తెరిస్తే అణిగిపోతాదని ఆ పిల్ల చెప్పలా? పో, నీ పెట్టె ముందర కూర్చో పో!"

వెళ్ళి కూర్చున్నాను.

క్రిస్మస్ రోజు చర్చి బయట ముక్కలు పంచుతుంటే పోయినేడాది పెద్దావిడే వచ్చింది. ఒక ముక్క తింది. రెండోది తీసుకోలేదు.

"బాగానే ఉందమ్మా. కానీ పోయినేడాది దాని లాగా లేదు."

నేను మా ఆవిడ చేతిలోని పళ్ళెం అందుకోవడానికి సిద్ధంగా నిలబడ్డాను.

"అది నాది కాదాంటీ," అంది మా ఆవిడ, చుట్టూ నలుగురికీ వినపడేలా. "బేకరీలో డబ్బాలు మారిపోయాయి. ఎవరిదో తిన్నారు మీరు. ఇదే నాది." అంటూ ఇంకో ముక్క ఆవిడ చేతిలో పెట్టింది. ఈసారి నవ్వు మామూలు నవ్వు.

ఇంటికొచ్చేసరికి అవ్వ గడప దగ్గరే ఉంది.

"ఏమనిరి మీ వాళ్ళు?"

"పోయినేడాదిదే బాగుందన్నారవ్వా," అంది మా ఆవిడ, చెప్పులు విప్పుతూ, హాయిగా.

"వాళ్ళకేం తెలుసు అమ్మణ్ణీ. అది ఉబ్బేది వాళ్ళు చూసినారా? నేను చూసినా."