మింగేసిన టికెట్

ఒడెస్సా ట్రాముల్లో నియోనిలా ఇరవయ్యేళ్లుగా కండక్టరు. మొగుడు ఓడెక్కి వెళ్లి మళ్లీ రాలేదు. అప్పట్నుంచీ ఆమెకి సంఖ్యలే తోడు. టికెట్ల చుట్టలోంచి ఒకటి చింపేలోపే దాని మీది ఆరంకెల సంఖ్య ఎలాంటిదో కనిపెట్టేస్తుంది.

ముందు మూడంకెల మొత్తం, వెనక మూడంకెల మొత్తం ఒకటే అయితే అది అదృష్టపు టికెట్. ఆ ఊళ్లో అలాంటిది చేతికొస్తే మనసులో ఒకటి కోరుకుని, నమిలి మింగేస్తారు. చదువుకున్నవాళ్లూ మింగుతారు, కాకపోతే కిటికీ వైపు తిరిగి. ఎవరి వంతుకొస్తే వాళ్లదని నియోనిలా మాత్రం ఒక్కటీ దాచుకోలేదు.

ఆ ఉదయం ప్రివోజ్ బజారులో ఎక్కిన ముసలాయన ఎవ్సేకి 385385 వచ్చింది.

"పెద్దాయనా, ఇది మామూలుది కాదు. ముందున్న మూడంకెలే వెనకా ఉన్నాయి. ఏడుతో భాగించు, పదకొండుతో భాగించు, పదమూడుతో భాగించు, శేషమే ఉండదు."

"లెక్కలు నాకెందుకు తల్లీ? మా ఆవిడకి ఇవాళ ఆపరేషన్," అంటూ దాన్ని నోట్లో వేసుకున్నాడు.

తర్వాతి స్టాపులో ఎవరూ దిగలేదు. ఇన్‌స్పెక్టర్ హ్లుష్కో ఒక్కడే ఎక్కాడు.

"టికెట్?"

"తినేశాను."

"ఉప్పు సరిపోయిందా?" అని, నియోనిలా మీదకి తిరిగాడు. "డబ్బు తీసుకుని టికెట్ ఇవ్వలేదన్నమాట! నీ మీద ఇదివరకే ఒక ఫిర్యాదుంది. ఇంకొకటి రాశానంటే టికెట్ల సంచీ అప్పజెప్పి ఇంటికెళ్లడమే."

ఆ ఊళ్లో ట్రాములకి ట్రాములే మింగినవాళ్లున్నారు. వాళ్లని టికెట్ అడిగిన ఇన్‌స్పెక్టర్ లేడు.

నియోనిలా ప్రయాణికుల వైపు తిరిగింది. "ప్రివోజ్‌లో ఎక్కినవాళ్లు టికెట్లు తీయండమ్మా."

చేపలమ్మ చేతిలో 385384 ఉంది. ఒక కుర్ర సైనికుడి దగ్గర 385386.

"నాలుగుంది, ఆరుంది. మధ్యలో ఐదేదీ సార్?"

"ఎవడి దగ్గరుందో!"

"ఎవడేంటయ్యా?" చేపలమ్మ లేచింది. "నా వెనకే నిలబడి నా బుట్ట తొక్కింది ఈ పెద్దమనిషే!"

హ్లుష్కో పెదాలు కదిలాయి. మూడూ ఎనిమిదీ ఐదూ పదహారు. వెనకా పదహారే. పెన్ను జేబులో పెట్టేశాడు.

ఆసుపత్రి దగ్గర ఎవ్సే దిగుతుంటే నియోనిలా చెయ్యి పట్టుకుంది. "భయపడకు పెద్దాయనా. ఆవిడ బాధ శేషం లేకుండా తీరిపోతుంది."

హ్లుష్కో దిగాల్సిన స్టాపూ వచ్చింది. దిగలేదు.

"మళ్లీ అలాంటిది ఎప్పుడొస్తుంది?" గొంతు తగ్గించి అడిగాడు.

"పదుల్లో ఒకటి పెరిగి, ఒకట్లలో ఒకటి తగ్గాలి సార్. 385394. ఇంకా ఏడుగురెక్కాలి."

ఏడుగురెక్కారు. హ్లుష్కో చిల్లరతో చెయ్యి చాచాడు.

"మీకు పాసుందిగా?"

"ఇవ్వమ్మా!"

నోటి దాకా పోయిన చెయ్యి ఆగింది. "మా పై ఆఫీసరెక్కితే?"

"భయం లేదు, మింగవయ్యా," అన్నాడు ఏడోవాడు. "నీ ముందుది నా దగ్గరుంది!"