ఎర్ర దుప్పటి

గేటాయనంటే ఆ ఏటి పొడవునా తెలియనివాళ్ళు లేరు. ఒక ఆసామి సొంతంగా కట్టుకున్న చిన్న ఆనకట్ట, దాని కింద కరెంటు తీసే గది, పైన మూడు గేట్లు. ఇరవై రెండేళ్ళుగా వాటిని ఎత్తేదీ దించేదీ ఈయనే. తన చేతి మీదుగా వదిలిన నీళ్ళు ఒక్క ప్రాణాన్నీ తీసుకుపోలేదని మహా గొప్పగా చెప్పుకుంటాడు.

సైరన్ పాడై మూడు నెలలు. ఓనరు "ఇదిగో, అదిగో" అంటూనే ఉన్నాడు. వాడి నోట్లో మన్ను పడ, కొత్తది వచ్చిందీ లేదు, పెట్టిందీ లేదు! అందుకని మొగుడూ పెళ్ళాం ఓ ఏర్పాటు చేసుకున్నారు. ఈయన ఇనప పట్టాని సుత్తితో వాయిస్తాడు. అది విని ఆవిడ ఏట్లో ఉన్నవాళ్ళని కేకేసి ఒడ్డెక్కించి, దిగువన ఏటి ఒడ్డునున్న తమ ఇంటి డాబా మీద ఎర్ర దుప్పటి వేస్తుంది. దుప్పటి కనపడితేనే గేటు లేస్తుంది. కోడలికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. కాపురానికొచ్చి పదిరోజులేగా!

ఆ పొద్దున అన్నం ముందు కూర్చుని ఆయన ముక్కు మూసుకున్నాడు.

"ఆ దుప్పటి కంపు కొట్టి చస్తోందే! ఉతికితే అరిగిపోతుందా?"

"తీరికున్నప్పుడు ఉతుకుతాలెండి, మీ గోలొకటి" అంది భార్య. గుమ్మంలో కోడలు నవ్వుకుంది.

మధ్యాహ్నానికి ఎగువన వాన దంచికొట్టింది. బురద నీళ్ళు కొలబద్ద మీద ఆఖరి గీతని అందుకున్నాయి. ఎదురుగాలి కొడుతున్నా పట్టా వాయించాడు. తలెత్తి చూస్తే దుప్పటి అప్పటికే డాబా మీద ఉంది.

"అబ్బో, ఇవాళ ఎంత చురుకో మా ఆవిడ!" అనుకుంటూ చక్రం తిప్పాడు.

గేటు పైకి లేచింది, నీళ్ళు దూకాయి. ఇంటి ముందర ఏట్లో ఉన్న ఇసుక దిబ్బకి అవి చేరడానికి నాలుగు నిమిషాలు. ఎత్తిన గేటు దించడానికి పదకొండు.

అప్పుడు కోడలు బకెట్‌తో డాబా ఎక్కింది. దుప్పటి పక్కన దిండు గలీబు ఒకటి దులిపి ఆరేసింది. ఇంకొకటి ఆరేసింది. దుప్పటి అంచు పట్టుకుని నీళ్ళు పిండింది.

ఆయన చక్రం వదిలేశాడు. దిబ్బ వైపు చూశాడు. భార్య ఆనకట్టకి వీపు పెట్టి, నడుం వంచి మేకలకి గడ్డి కోస్తోంది.

"పరిగెత్తవే! ఒడ్డెక్కవే!"

హోరులో ఆ కేక ఆయనకే వినపడలేదు. కోడలి వైపు తిరిగి రెండు చేతులూ పిచ్చివాడిలా ఊపాడు.

మామగారు చూస్తున్నారని ఆ పిల్లకి సంబరమేసింది. శుభ్రంగా ఉతికానని దుప్పటి విప్పి చూపించి, తనూ చెయ్యి ఊపింది.