బోణీ బేరానికి పోయిన కలప

నేను హుజూరాబాద్ అంగట్లో కూరగాయలు అమ్మినదాన్ని. అరవై దాటాక చదవడం నేర్చుకున్నాను. నా మనవరాలు ఫోన్‌లో ఒక ఆట ఆడుతుంది. అందులో చెట్లు కొట్టి, రాళ్లు ఏరి వేరే ఆటగాళ్లకు అమ్ముకోవచ్చు. ఓ పొద్దున స్నానానికి పోతూ ఫోన్ నా చేతికిచ్చింది.

"బాపమ్మా, ఎవలన్న అడిగితే రాళ్లు అమ్ము."

ఎవరో తెలుగులోనే కలప అడిగారు, సగం ధరకు. పొద్దటి మొదటి బేరాన్ని ఎట్లా తిప్పి పంపుతాను? ఉన్నదంతా ఇచ్చేశాను.

పిల్ల వచ్చి చూసి ఏడుపందుకుంది. "అంత అమ్మినవా? అది నేను, బాపు కలిసి ఆటల ఇల్లు కడ్దామని కొట్టిన కలప!"

నా కొడుకు దుబాయ్‌లో ఉంటాడు. తండ్రీబిడ్డలు రోజూ కలిసేది ఆ ఆటలోనే. సాయంత్రం వాడు ఫోన్ చేశాడు.

"పోనీ అవ్వా, మల్ల కొడ్తం." గొంతులో మాత్రం దిగులు వినబడింది.

బోణీ బేరం పోనియ్యొద్దని బతుకంతా నమ్మాను. కొన్నిటికి బేరమే పెట్టొద్దని ఆ పిల్ల ఏడుపు చూశాకే తెలిసింది.