భోజనం వేళ ముని ఎక్కడ కూర్చున్నాడు

ఏలుమలైకి లోకంలో ఎవరి మీదా నమ్మకం లేదు. మిల్లు గడియారాన్ని సాయంత్రం పూట ఎవడో వెనక్కి తిప్పుతున్నాడని అతని అనుమానం. గేటు ముందు సుక్కుకాపీ, అంటే శొంఠి కాఫీ, అమ్మే మణియమ్మ తన లోటాలో మాత్రం బెల్లం తగ్గిస్తోందని ఇంకో అనుమానం. పెళ్లినాడు మామగారు తనను చూసి ఎందుకంత నవ్వాడో, ఇద్దరు పిల్లలు పుట్టినా ఇంకా తేల్చుకోలేకపోయాడు.

ముదలియార్‌పేట మిల్లులో మగ్గం నడుపుతాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, తిట్టడానికి ఆ రెండూ చాలకపోతే సముద్రం ఒడ్డున తెల్ల సిపాయిల దగ్గర విన్న ఫ్రెంచి ముక్కలు రెండు. ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. అయినా కిరికెట్టు సంగతి వచ్చిందంటే అతని ముందు ఎవరూ నోరెత్తలేరు. నిజానికి ఎత్తేవాళ్లే, అతను ఎత్తనిచ్చేవాడు కాదు.

ఊరు ఫ్రెంచివాళ్లది. మిల్లు దొర మాత్రం ఇంగ్లీషువాడు. ఆయన వెంట ఓడెక్కి వచ్చిన పిచ్చి ఈ కిరికెట్టు. ఫ్రెంచి దొరలు సాయంత్రం షికారుకి వచ్చినప్పుడు ఆ ఆటను కాసేపు చూసి, భుజాలెగరేసి వెళ్లిపోయేవారు. కూలీలకు మాత్రం అది బాగా అంటుకుంది. మిల్లు జట్టులో నలుగురైదుగురు తెల్లవాళ్లు, మిగిలినవాళ్లు మనవాళ్లు. తెల్లవాళ్లు బ్యాటు పడతారు, మనవాళ్లు ఎండలో బంతి వేసి, బంతి వెనక పరుగెత్తుతారు. అందులో గొప్పగా బంతి వేసేవాడు ముని. ఏలుమలై భార్యకి సొంత తమ్ముడు. మిల్లులో నూలు మూటలు మోస్తాడు. పొడవాటి మనిషి, ఆ చేతులు మోకాళ్లకు అందుతాయా అన్నట్టుంటాయి.

ఏటా ఒకసారి మిల్లు జట్టు ఎల్ల దాటి, కడలూరు దారిలో ఉన్న తెల్లవాళ్ల క్లబ్బుకి వెళ్లి ఆడి వస్తుంది. అది ఇంగ్లీషు సీమ. పోయిన ఏడు ముని అక్కడ భోజనాల వేళకే ఐదుగురు దొరలను పడగొట్టాడు. భోజనాల తర్వాత ఏమైందో ఏమో, చెయ్యి లేవలేదు. జట్టు ఓడిపోయింది. తిరిగి వచ్చినరోజు ఏలుమలై అడిగిన మొదటి ప్రశ్న ఆట గురించి కాదు.

"భోజనం యాడ పెట్టినారురా మీకు?"

"నేను దొరలుండే గదిలోనే ఉండినా బావా," అన్నాడు ముని. అంతకంటే ఒక్క మాట పలకలేదు.

ఏలుమలైకి ఆ ఒక్క మాట చాలు. మర్నాటికల్లా మణియమ్మ అంగట్లో ముని దొరల పక్కన కుర్చీలో కూర్చున్నాడు. మూడోనాటికి చేతికి ముళ్లచెంచా వచ్చింది, వారం తిరిగేసరికి కోడి వేపుడు వచ్చింది. "మనం ఫ్రెంచి సర్కారు జనం. మనకి ఓటుండాది. మనల్ని బయట కూర్చోపెట్టేంత ధైర్యం ఆ ఇంగ్లీషోళ్లకి యాడిది?" అని మీసం దువ్వేవాడు. లోకంలో దేన్నీ నమ్మని మనిషి తాను అల్లిన కథను మాత్రం నిలువునా నమ్మేశాడు. దొరల మేజాబల్ల దగ్గర తిన్నాడని పేటంతా మునిని 'మేజా ముని' అని పిలవడం మొదలుపెట్టింది. ముని ఔననలేదు, కాదనలేదు.

ఈ ఏడాది క్లబ్బు ఆటకి జట్టు పేర్లు చదివినప్పుడు అందులో ముని పేరు లేదు.

చదివింది దేవరాజన్. ఆట నేర్పడానికి దొర చెన్నపట్నం నుంచి కొత్తగా తెచ్చిన వాత్తియార్. నెమ్మదస్తుడు, తెలుగువాడే, తెల్ల పంచె, నల్ల కోటు. ఆ కోటు మీదే ఏలుమలైకి మొదటి అనుమానం పుట్టింది. ఇంత ఎండలో కోటు వేసుకునేవాడు లోపల ఏదో దాస్తున్నట్టే లెక్క.

ఆ సాయంత్రం మణియమ్మ అంగడి ముందు నేల కనిపించలేదు, అంతమంది జనం.

"మునికి బదులు ఎవర్ని పెట్టినాడో చూసినారా? గుమాస్తా మేనల్లుడు పట్టాభిరామన్‌ని! వాడు బంతి వేస్తే మా అవ్వ కూడా కొడతాది," అన్నాడు ఏలుమలై. "వాడి తోలు కొంచెం తెల్లగా ఉండాది. అంతే సంగతి."

"వాత్తియార్ తోలు మనకన్నా నలుపు కదా మామా. ఆయనకేం వచ్చింది?" అన్నాడు ధనపాల్. ఏలుమలై పక్క మగ్గం కుర్రాడు, ఎదురు మాట్లాడకపోతే పొద్దుపోదు.

"దొర కళ్లతో చూసేదానికి నేర్చుకున్నాడు. లేకుంటే చెన్నపట్నం నుంచి ఇతన్నే ఎందుకు తెచ్చినారు? ఈ ఊర్లో ఆట తెలిసినోడే లేడా?"

"నీకిమ్మంటావా ఆ పని?" అంది మణియమ్మ, లోటాలు కడుగుతూ.

అందరూ నవ్వారు. ధనపాల్ నవ్వు ఆపుకుంటూ, "అదేం కాదు. పోయిన ఏడు మేజా ముని కోడి వేపుడు మెక్కి చెయ్యి లేపలేకపోయినాడు కదా, అందుకే వాత్తియార్ తీసేసుంటాడు," అన్నాడు. ఏలుమలైకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ కోడి వేపుడు వండింది తానే కాబట్టి ఏమీ అనలేకపోయాడు.

నాలుగు రోజులు వాత్తియార్ వెనకే తిరిగాడు. ఎవరితో మాట్లాడుతున్నాడు, గుమాస్తా ఇంటి వైపు పోతున్నాడా, ఎవరైనా అరటిగెలలు పంపుతున్నారా అని కాపు కాశాడు. ఏమీ దొరకలేదు. దొరకకపోవడం ఇంకా పెద్ద అనుమానం. ఐదోనాడు పొద్దుగూకే వేళ దొరికింది. దేవరాజన్ తల వంచుకుని బయటికి వచ్చింది గుమాస్తా ఇంట్లోంచి కాదు, ముని ఇంట్లోంచి.

ఏలుమలై నేరుగా ముని దగ్గరికి వెళ్లాడు.

"వాత్తియార్‌కి నీ ఇంట్లో ఏంది పని?"

"ఊరికే వచ్చినాడు బావా."

"ఊరికే ఎవుడన్నా వస్తాడా? బెదిరించినాడా? ఏదన్నా ఇస్తానన్నాడా?"

"గమ్మునుండు బావా. నువ్వు ఇందులో తలదూర్చొద్దు," అన్నాడు ముని, కళ్లు కలపకుండా.

తలదూర్చవద్దన్న చోట దూర్చకుండా ఉండటం ఏలుమలై ఒంట్లోనే లేదు. సోమవారం మధ్యాహ్నం నేత పనివాళ్లను పాతికమందిని పోగుచేసి దొర గది ముందు నిలబెట్టాడు. తానే ముందు నిలబడ్డాడు. ముని లేని జట్టు ఊరికి అవమానమన్నాడు, వాత్తియార్‌ది పక్షపాతమన్నాడు, ఆయన్ని చెన్నపట్నానికే పంపేయమన్నాడు. దొర వచ్చీరాని తమిళంతో అర్థం చేసుకుని, పైపు నోట్లోంచి తీసి పక్కనే ఉన్న దేవరాజన్ వైపు తిరిగాడు.

"పోయిన ఏడు ఆడాడే, పొడుగు చేతులవాడు, వాడేనా? మంచి ఆటగాడు. ఎందుకు తీశావు? పెట్టు," అన్నాడు.

దేవరాజన్ ఏదో చెప్పబోయాడు. దొర అప్పటికే తలుపు వేసుకున్నాడు.

జనం ఏలుమలైని భుజాల మీదికి ఎత్తబోయారు. ఆ సందడిలో దేవరాజన్ అతని పక్కకు వచ్చి, గొంతు పెంచకుండానే అన్నాడు: "నీ మాట నెగ్గింది ఏలుమలై. ఇప్పుడు పోయి నీ బావమరిది మొహం చూడు."

ముని గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. వార్త అప్పటికే చేరింది. ఏలుమలైని చూసి లేవలేదు.

"ఆ గదిలోనే ఉండినా అన్నా కదా, అది నిజమే," అన్నాడు. "మూల కూర్చోని, దొరలకి గాలి తగిలేదానికి పంకా తాడు లాగినా. పంకా లాగే ముసలాయన ఆ పొద్దు రాలేదంట. మన దొరే నన్ను పిలిచి, పో మునీ, కాసేపు లాగు అన్నాడు. కాసేపు కాదు బావా. వాళ్లు తిని, చుట్టలు తాగి, నవ్వుకోని లేచిందాకా. నాకెవరూ తిండి పెట్టలా. దాని తర్వాత బంతి ఇచ్చి వెయ్యమన్నారు. చెయ్యి నాది కానట్టుండింది."

ఏలుమలై గోడకు ఆనుకున్నాడు. "నాతో ఎందుకు చెప్పలేదురా?"

"చెప్పేలోపే మణియమ్మ అంగట్లో నువ్వు నన్ను కుర్చీలో కూర్చోపెట్టేసినావు. ఆ కుర్చీలోంచి యాడ దిగేది? వాత్తియార్‌కి మాత్రం చెప్పినా. ఏ ఆటకైనా వస్తా, ఆ క్లబ్బుకి మాత్రం రాలేనన్నా. సరే, నేనే తీసేసినానని చెప్తా, తిట్లు నేను పడతాలే అన్నాడు. వారం నుంచీ పడతానే ఉండాడు. తిట్టింది నువ్వే."

"ఇప్పుడు పోవద్దు. పోకు."

"దొర నోటితో చెప్పినాక పోకుంటే నూలు మూట ఎవురు మొయ్యనిస్తారు నన్ను?"

ఏలుమలైకి తల కొట్టేసినట్టయింది. జీవితంలో మొదటిసారి ఒక మనిషికి దండం పెట్టాలనిపించింది. వెళ్లి దేవరాజన్‌కి పెట్టాడు. ఆయన, ఆదివారం బండిలో బ్యాట్ల మూట మోయడానికి ఒక మనిషి కావాలి, వస్తావా అని మాత్రం అడిగాడు.

సుంకం చావిడి దాటి బండ్లు క్లబ్బు చేరేసరికి పొద్దెక్కింది. మైదానం పక్కనే పొడవాటి బంగళా. ఏలుమలై మైదానం వైపు చూడనుకూడా లేదు. మూట దించి నేరుగా బంగళా వెనక వరండాకి వెళ్లాడు. పంకా లాగే ముసలివాడు అక్కడే ఉన్నాడు, గోడకు చేరగిలబడి తమలపాకు నములుతూ. పేరు మాడసామి. మాట కలిపితే అతనింట్లోనూ తెలుగే.

ఏలుమలై అతని పక్కనే బైఠాయించాడు. ఈ ముసలివాడు కదలకుండా చూసుకుంటే చాలు, పంకాకి మునిని పిలవరు. ఆకు కావాలా తాతా, నీళ్లు కావాలా తాతా అని అడుగుతూ, అతను పెరట్లోకి పోయినా వెంటపోతూ మధ్యాహ్నందాకా కాపలా కాశాడు. మైదానంలో కేక లేచినప్పుడల్లా మెడ సాగదీసేవాడు. అది మనవాళ్ల కేక. ముని పడగొడుతున్నాడు. ఏడేళ్లుగా నోటితో ఆడుతున్న ఆటను కళ్లతో చూసే అవకాశం వచ్చింది, పాపం, ఒక్క బంతి కూడా చూడలేదు.

"ఏం నాయనా, నన్ను అంత కనిపెట్టుకోని కూర్చున్నావు?" అని ముసలివాడే చివరికి అడిగాడు.

"పోయిన ఏడు ఈ ఆటనాడు నువ్వు రాలేదంట కదా తాతా. ఈసారి కూడా యాడికన్నా పోతావేమోనని."

మాడసామి నమలడం ఆపాడు. "నేను రాకపోవడం ఏంది? పోయిన ఏడూ ఈడనే ఉండినా. తాడు చేతిలోనే ఉండినాది. ఈ క్లబ్బు ఎర్రమొహం దొర వచ్చి, నువ్వు లేచి వెనక్కి పో, ఆ బంతి వేసేవాడు లాగుతాడులే అన్నాడు. వాడి చెయ్యి కొంచెం అలసిపోనీ అని పక్క దొరతో అని నవ్వినాడు. మీ దొర కూడా నవ్వినాడు."

ఏలుమలై గడియారాన్ని అనుమానించాడు, బెల్లాన్ని అనుమానించాడు, కోటు వేసుకున్న పాపానికి ఒక మంచి మనిషిని అనుమానించాడు. పంకా మనిషి రాలేదన్న మాటను మాత్రం ఒక్కసారైనా అనుమానించలేదు.

భోజనాల గంట కొట్టారు. విసుగు మొహంతో క్లబ్బు బట్లరు వరండాలోకి వచ్చాడు. "ముసలోడా, నువ్వు లే. పొద్దున వికెట్లు తీసిన ఆ నల్లవాడు యాడ? దొరలు లోపలికి రమ్మన్నారు."

"నేనే," అన్నాడు ఏలుమలై, లేచి నిలబడి.

మునికన్నా అతను జానెడు పొట్టి. బొజ్జ ఉంది, కణతల దగ్గర జుట్టు నెరిసింది. ఈ వేషంతో లోపలికి పోతే తంతారని అతనికే అనుమానం. అయినా వెళ్లాడు. మూలన కూర్చుని తాడు పట్టుకున్నాడు. ఎర్రమొహం దొర అతన్ని పైనుంచి కింది దాకా చూశాడు.

"పొద్దున బంతి వేసింది నువ్వేనా?"

"అవును దొరా."

దొర సంతోషంగా తల ఊపి కూర్చున్నాడు. అప్పుడు మిల్లు దొర తల తిప్పాడు. సోమవారంనాడు ఇదే మనిషి తన గది ముందు నిలబడి గొంతు చించుకున్నాడు. దొర నేరుగా అతని మొహంలోకి చూసి, "భేష్ మునీ, బాగా వేశావు," అని పళ్లెం వైపు తిరిగాడు.

ఆ భేష్ చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగి ఏలుమలై తాడు లాగాడు. కిటికీలోంచి చింతచెట్టు నీడ కనిపిస్తోంది. ముని, వాత్తియార్ పక్కపక్కన కూర్చుని మూటలోని పెరుగన్నం తింటున్నారు. ముని కాళ్లు చాపుకున్నాడు. చెట్టు కింద వాళ్లు లేచేదాకా, లోపల దొరల చుట్టలు అయ్యేదాకా ఏలుమలై ఆపకుండా లాగాడు.

ఆట మళ్లీ మొదలయ్యేసరికి అతనికి చెయ్యి ఉందో లేదో తెలియడం లేదు. భుజం పిసుక్కుంటూ ముందు వరండాలోకి వచ్చాడు. ఎర్రమొహం దొర బ్యాటు పట్టుకుని వికెట్ల ముందు నిలబడ్డాడు, మొహంలో ఇంకా ఆ నవ్వు ఉంది. ముని బంతి అందుకుని దూరం నుంచి పరుగు మొదలుపెట్టాడు. దొర అతన్ని చూశాడు. తల తిప్పి వరండాలో ఉన్న ఏలుమలైని చూశాడు. మళ్లీ మునిని చూశాడు. ఇద్దరిలో ఎవరు ఎవరో తేల్చుకునేలోగానే బంతి వచ్చేసింది.